కోలారు గనులు: బంగారపు లెక్క, మనుష్యుల లెక్క

పిల్లలను వెంటబెట్టుకొని యాత్రలు చేయుట మన యిండ్లలో క్రొత్తగాదు. సెలవులు వచ్చినంతనే తిరుపతియో, శ్రీకాళహస్తియో, కొంచెము చరిత్రాభిమానము గల కుటుంబమైనచో హంపియో, లేపాక్షియో చూచి వత్తురు. దేవాలయమును చూపి, కోటను చూపి, దీనిని ఫలానిరాజు కట్టించెనని పిల్లలకు చెప్పుదుము. ఆ రాళ్ళను మోసినవారెవరని పిల్లలడుగరు; అడిగినను చెప్పుటకు మనకు తెలిసినది తక్కువ. వారి పేర్లు శాసనములకెక్కలేదు. అయితే రాళ్ళు మోసినవారి మనుమలు నేటికిని బ్రదికియుండి, తమ తాతల కథను తామే చెప్పగల చారిత్రకస్థలములు మన సమీపముననే కొన్ని గలవు. అట్టివానిలో కోలారు బంగారుగనుల పట్టణ మొకటి. ఈ పట్టణమును పిల్లలకేల చూపవలెను, చూపి యేమి చెప్పవలెను అనునదే యీ వ్యాసమునకు విషయము.

చిత్తూరునుండి యా పట్టణము సుమారు 100 కిలోమీటరుల దూరము. మొన్నటి వేసవిసెలవులలో నేనును నా భార్యయు, తొమ్మిదేండ్ల కుమార్తెను, ఆరేండ్ల కుమారుని తీసికొని, అద్దెకారులో తెల్లవాఱుజామున బయలుదేరితిమి. మొగిలికనుమ యెక్కి, పలమనేరు, వెంకటగిరికోట, బేతమంగళముల మీదుగ పోవు త్రోవ యది. సరిహద్దు దాటినపిదప అంగళ్ళ పలకలమీద తెలుగక్షరములు పోయి కన్నడాక్షరములు వచ్చినవి. వానిని కూడబలుక్కొనుచు మా యమ్మాయి, "నాయనా, ఇవి మన అక్షరాలే, తలకట్టు మాత్రం మార్చుకున్నాయి" అనెను. పట్టణము చేరునప్పటికి వీథులలో అరవము వినిపింపసాగెను. ఒక్కపూట ప్రయాణములో మూడుభాషలెట్లు వచ్చినవని పిల్లకు సందేహము గలిగెను. ఆ ప్రశ్నయే యీ పట్టణచరిత్రకు మంచి ప్రవేశద్వారము. భూమి మైసూరు రాజ్యమువారిది, మూలధనము ఇంగ్లీషువారిది, పనిచేసిన చేతులలో అధికభాగము ఉత్తరార్కాడు జిల్లావి. 1911లో చిత్తూరు ప్రత్యేకజిల్లా యగువఱకు మన చిత్తూరే యా ఉత్తరార్కాడునకు ముఖ్యపట్టణము. గనులలోనికి దిగినవారిలో అరవవారు హెచ్చు, తెలుగువారును గలరు. కావున ఇది పొరుగువారి కథయని మనము తప్పించుకొనుటకు వీలులేదు.

మా పిల్లవానికి ఆ యూరిపేరు సినిమావలన ముందే తెలియును. 2018, 2022 సంవత్సరములలో ఆ పేరుతో రెండు కన్నడచిత్రములు వచ్చి దేశమంతట నాడినవి. వాని కథ కల్పితము. కొన్ని దృశ్యములు మాత్రము ఆ పట్టణపు గుట్టలమీద తీసిరి. వాని యెఱుకలో ఆ యూరనగా తుపాకి పట్టిన వీరుడొకడును, ఆతని వెనుక నడచు జనమును. నిజమైన చరిత్రలో అట్టి యొంటరి వీరుడు కానరాడు. అందులోని జనము వేలకొలది. వారి చేతులలోనివి సమ్మెటయు, ఉలియు.

ఈ నేలలో బంగారమున్నదని ఇంగ్లీషువారు కనిపెట్టిరని పాఠ్యపుస్తకములలో వ్రాయుట కలదు. అది సరికాదు. 1799లో శ్రీరంగపట్టణము పడినపిదప, మైసూరు తూర్పుసరిహద్దును కొలుచుటకు నియుక్తుడైన లెఫ్టినెంటు జాన్ వారెన్ 1802లో ఈ ప్రాంతమునకు వచ్చెను. ఇచ్చటి మట్టిలో పసిడి గలదని జనులు చెప్పుకొనుట విని, చూపినవారికి బహుమాన మిత్తునని ప్రకటించెను. గ్రామస్థులు ఎద్దుబండ్లమీద మట్టి తెచ్చి, ఆతని కన్నులయెదుట కడిగి, పసిడిరేణువులను చూపిరి. మారికుప్పమువద్ద అంటరానివారని యెంచబడిన కులమువారు లోతైన గోతులలోనికి దిగి, రాతిముక్కలను బుట్టలలో చేతినుండి చేతికి అందించుటయు, స్త్రీలు వానిని దంచి పొడిచేసి కడుగుటయు ఆతడు చూచి వ్రాసెను. ఈ వారెనే తరువాత మద్రాసు నక్షత్రశాలను నడపి, మన పంచాంగగణితమును వివరించు 'కాలసంకలిత' మను గ్రంథమును 1825లో ప్రకటించెను. ఆతడు కనిపెట్టినది బంగారమును గాదు. బంగారమును తీయ నెఱిగిన మనుష్యులను.

వారెను వ్రాతను డెబ్బదియేండ్లకు పిమ్మట చదివి ఆశపడినవాడు మైకేల్ లావెల్. ఆతడు న్యూజిలండు యుద్ధములలో పోరాడి వచ్చి బెంగుళూరులో నిలిచిన యైరిషు సైనికుడు. 1871లో ఎద్దుబండిమీద వచ్చి యీ నేలను పరీక్షించి, 1873లో మైసూరు ప్రభుత్వమునకు దరఖాస్తు పెట్టుకొని, 1875లో అనుమతి పొందెను. గని త్రవ్వుటకు చాలినంత ధనము లేక 1877లో ఆ హక్కును ఇతరులకు విడిచెను. 1880లో లండనునగరపు జాన్ టేలర్ అండ్ సన్స్ అను సంస్థ రంగమున ప్రవేశించెను. కొన్నియేండ్లకు, పూర్వులు త్రవ్వి విడిచిన గోతులక్రిందనే, పసిడి నిండిన తెల్లరాతిచార దొరికెను. ఆ తొలినాళ్ళలో టన్నురాతికి 40 గ్రాములకు మించి బంగారము వచ్చెడిది. నందిదుర్గ, మైసూరు, ఊరుగాము, చాంపియన్ రీఫ్ అను పేర్లతో గనులు వరుసగ వెలసినవి.

తరువాత జరిగినది మనదేశపు యంత్రపరిశ్రమచరిత్రలో గొప్ప ఘట్టము. కావేరినది శివసముద్రమువద్ద దూకుచోట విద్యుత్తును పుట్టించి, 147 కిలోమీటరుల పొడవున తీగలు వేసి, 1902లో ఈ గనులకు చేర్చిరి. అంతదూరము విద్యుత్తును కొనిపోవుట ఆనాడు ప్రపంచములోనే యరుదైన విషయము. బెంగుళూరు వీథులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. రాజధానికంటె ముందు ఒక గనుల యూరికి విద్యుత్తు వచ్చెనని విని మా పిల్లలు సంతోషించిరి. ఆ సంతోషమునకు తోడుగ ఇంకొకమాటయు చెప్పవలసివచ్చెను. ఆ విద్యుత్తును తెచ్చినది గనియంత్రములను త్రిప్పుటకు. కూలివాని తడకగుడిసెలో దీపము వెలుగవలెనని కాదు.

ఆ కూలివారెవరు? ఇరువదవశతాబ్దారంభమున ఈ గనులలో ముప్పదివేలమంది వఱకు పనిచేసిరి. వారిలో పెక్కుమంది ఊరివెలుపలి వాడలలో పుట్టి, తరతరములుగ పరుల పొలములలో చాకిరిచేసి, కరవువచ్చినప్పుడు మొదట ఆకలిచచ్చిన కులములవారు. మేస్త్రీలు ఊళ్ళవెంట తిరిగి బయానా లిచ్చి వారిని తోడ్కొనివచ్చిరి. గని వారికి సుఖమైన చోటు గాదు. అయినను వారు వచ్చిరి. వచ్చినవారిలో ననేకులు తిరిగిపోలేదు. కారణము చెప్పుట కష్టము గాదు. ఇచ్చట కూలి రూకలలో ముట్టును. ఇచ్చట పొలము కామందు లేడు. పాతాళమువంటి చీకటిలో పక్కనున్నవానిని తాకరాదను నియమము నిలువదు. రాయి కూలునప్పుడు చేయి పట్టి లాగువాని కులమెవ్వడు నడుగడు. సంస్కర్తలు సభలలో చేసిన బోధ చేయలేని పనిని ప్రాణభయము కొంతవఱకు చేసినది. అయితే పైకి వచ్చిన తోడనే తారతమ్యములు మరల వచ్చెడివి. దొరలకు తోటలుగల బంగళాలు, క్లబ్బు, గోల్ఫుమైదానము. కూలివారికి వరుసలుగ కట్టిన యొంటిగది యిండ్లు, తడకల గుడిసెలు.

వారిమీద నమ్మకము లేకపోవుట చట్టములకు నెక్కినది. బంగారముగల రాయినో మట్టినో దగ్గరనుంచుకొని, అది యెట్లు వచ్చెనో చెప్పలేకపోవుటయే నేరమని నిర్ణయించిరి. గనినుండి వెలుపలికి వచ్చువానిని సోదాచేసిరి. 1930లో ప్రతి కార్మికుడును వ్రేలిముద్ర లీయవలెనని కంపెనీలు పట్టుబట్టగా, వేలమంది పనిమాని బయటికి వచ్చిరి. వ్రేలిముద్ర యనగా దొంగల పట్టికలోనికి చేర్చుటయని వారు భావించిరి. ఇది కూలిపెంచుమని చేసిన సమ్మె గాదు. మమ్ము మనుష్యులుగ చూడుడని చేసినది. చదువురాని కూలివారికి ఆత్మగౌరవమనునది యెవరో నేర్పవలెనని తలచువారు ఈ యొక్క విషయమును జ్ఞాపకముంచుకొనుట మంచిది.

గనినోటిపై నిలిచిన యినుపకట్టడమును, దానిపై తిరుగక నిలిచిపోయిన చక్రములను కంచె వెలుపలినుండి పిల్లలకు చూపితిమి. ఎంతలోతని పిల్లవా డడిగెను. చాంపియన్ రీఫ్ గని భూమిలోనికి సుమారు 3,200 మీటరులు పోయినది. సముద్రమట్టమునకు తిరుమల యెంత యెత్తో, దానికి దాదాపు నాలుగింతల లోతని చెప్పితిని. వాడు కొంతసేపు మాటాడలేదు. ఆ యడుగున రాతివేడి 60 డిగ్రీలు దాటును. చల్లనిగాలిని యంత్రములతో పంపనిదే మనుష్యుడు నిలువలేడు. రాయిని తీసినకొలది, పైబరువంతయు మిగిలిన రాతిమీద పడి, అది యొకానొకప్పుడు ఫిరంగివలె ప్రేలి, పనివారిని పూడ్చివేయును. ఆ కంపము పైనున్న యిండ్లలోనికి వచ్చి గిన్నెలు కదలెడివి. గిన్నె కదలినప్పుడెల్ల, ఆ పూట లోనికి పోయినవాడు తన మగడో కొడుకో యైన స్త్రీ యేమి తలచియుండునో వేఱుగ వ్రాయ నక్కఱలేదు.

ప్రేలుడు కన్నులకు కనబడు మృత్యువు. కనబడనిది దుమ్ము. రాతిని తొలుచునప్పుడు లేచు సన్నని ధూళి ఊపిరితిత్తులలో చేరి, మెల్లమెల్లగ వానిని గట్టిపఱచును. 1940 మొదలు కొన్నియేండ్లు వైద్యులు ఈ గనులలో 7,500కు పైబడిన కార్మికులను పరీక్షింపగా, నూటికి 40 మందికి మించి ఆ వ్యాధి చిహ్నములు కనబడినవి. బంగారపు లెక్క ప్రతిదినమును గ్రాములతో సహా వ్రాయబడినచోట, మనుష్యుల ఊపిరి లెక్క మొదలగుటకు అఱువదియేండ్లు పట్టినది.

ఆ చీకటిలోనుండి విజ్ఞానమునకు మేలును కలిగినది. నేలకు రెండుకిలోమీటరులకు మించిన లోతున, ఇతరకిరణములు చొరరాని చోట, టాటా పరిశోధనసంస్థవారు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో గూడి పరికరములు నిలిపి, ఆకాశమున పుట్టి భూమిని దూసికొనిపోవు న్యూట్రినో యను సూక్ష్మకణముల జాడను 1965లో పట్టిరి. ప్రపంచములో ఆ జాడను మొదట పట్టిన రెండు ప్రయోగములలో ఇది యొకటి. రాతిప్రేలుళ్ళను గూర్చి యిచ్చట తరములుగ గడించిన యనుభవము పునాదిగ 1988లో జాతీయ శిలాయాంత్రికశాస్త్రసంస్థ ఈ పట్టణముననే వెలసెను. ఈ విద్యలకు వెల యెవరు చెల్లించిరో జ్ఞాపకమున్నచో వాని గౌరవము హెచ్చునేగాని తగ్గదు.

1956లో మైసూరు ప్రభుత్వము గనులను స్వాధీనము చేసికొనెను. 1962లో అవి కేంద్రప్రభుత్వమునకు చేరెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అను ప్రభుత్వసంస్థ యేర్పడెను. చిత్తూరుజిల్లాలోని బిసానత్తము, చిగరగుంట గనులును ఆ సంస్థవే. కాని దొరలు వెడలునప్పటికే మంచిరాయి చాలవఱకు వెడలిపోయినది. లోతు పెరిగినకొలది ఖర్చు పెరిగెను. రాతిలో పసిడి తఱిగి, టన్నుకు మూడునాలుగు గ్రాములకు దిగెను. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. నూటయిరువదియేండ్లలో ఇచ్చటినుండి వెడలిన బంగారము 800 టన్నులకు పైమాట. పంపులు నిలిచినపిదప నీరూరి సొరంగములు మునిగినవి. కంపెనీ యాసుపత్రియు మూతపడెను. ఒక్క యుద్యోగముమీద నాధారపడిన కుటుంబములు ఒక్కదినమున నిరాధారములయ్యెను.

ఈనాడు చూపఱులను మొదట నాకర్షించునవి తెల్లని గుట్టలు. రాతిని పొడిచేసి, సయనైడు ద్రావకముతో పసిడిని తీసినపిదప మిగిలిన పిండి యది. మొత్తము మూడుకోట్ల టన్నులకు మించియున్నది. గాలివేసవిలో ఆ పొడి లేచి యిండ్లలోను, కన్నులలోను పడును. ఆ గుట్టలలో మిగిలిన కొద్దిపాటి బంగారమును మరల తీయు ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గము 2024లో సమ్మతించెను. గుట్టను చూచి మా యమ్మాయి, "ఇంత రాయి తవ్వితే ఎంత బంగారం వచ్చింది?" అని అడిగెను. నా భార్య తన చేతిగాజులను చూపి లెక్కచెప్పెను. గాజులు నాలుగు సవరనులు, అనగా 32 గ్రాములు. కడపటి నాళ్ళలో టన్నుకు మూడుగ్రాముల చొప్పున చూచినచో, పదిటన్నులకు మించిన రాయి, ఒక లారీనిండ. అమ్మాయి గాజులను ముట్టి చూచి, "ఇంత బరువా?" అనెను. ఇరువదియేండ్లుగ బడిలో చరిత్రపాఠము చెప్పుచున్నాను. ఇంత సూటియైన పాఠమును నేను చెప్పి యెఱుగను.

పట్టణము చచ్చిపోయినదని వ్రాయుట వాడుక యైపోయినది. మేము చూచినది వేఱు. టీ యంగడివద్ద కలసిన యొక వృద్ధుడు, తాతయు తండ్రియు తానును గనిలో దిగినవారమని, మనుమరాలు మాత్రము బెంగుళూరులో లెక్కలశాఖలో నుద్యోగము చేయుచున్నదని తెలుగుకలిసిన యరవములో చెప్పెను. మారికుప్పమునుండి తెల్లవాఱకముందే బయలుదేరు రైళ్ళలో వేలమంది ప్రతిదినము బెంగుళూరునకు పోయి రాత్రికి తిరిగివత్తురు. బంగారము పోయినను వారు బ్రదికి నిలిచినది చదువువలన. ఆ చదువును కంపెనీ యొక్కటే వారికి పెట్టలేదు. ఇరువదవశతాబ్దపు తొలిదశకముననే మారికుప్పపు కార్మికులు, పండిత అయోతిదాసు బోధల ననుసరించి, శాక్యబౌద్ధసంఘ మేర్పఱచుకొని, తమలో చదువును, సభలను, కులభేదనిరాకరణమును ప్రచారము చేసిరి. 1914లో ఆయన గతించినపిదప ఆయన రచనలు గ్రంథములుగ వెలువడినది చాంపియన్ రీఫు నుండియే. పగలంత పాతాళమున రాయి కొట్టి, సాయంకాలము పైకివచ్చి పుస్తకము విప్పినవారు వారు. గనులయజమానులు భూమిలోనుండి తీసినది లండను చేరినది. కార్మికులు తమ బిడ్డలలో నుంచినది యిచ్చటనే నిలిచినది.

ఇందుండి రెండు ధర్మములు తేలుచున్నవి. మొదటిది ప్రభుత్వములది. గనినుండి వచ్చు ధనము పంటవంటిది గాదు. ఒక్కసారి తీసినచో మరల మొలవదు. కావున గని నడచుచున్న దినములలోనే, అది మూతపడు దినమునకై ఆ యూరికి బడిని, వైద్యమును, వేఱొక వృత్తిని సమకూర్చుట ఋణము తీర్చుటయే కాని దయ గాదు. మన సింగరేణి బొగ్గునేలలయందును ఈ ప్రశ్న గని వయస్సు పెరిగినకొలది వినవలసినదే. రెండవ ధర్మము మన యిండ్లది. ఆడపిల్ల పుట్టినదినమునుండి సవరనుకు సవరను చేర్చు తల్లిదండ్రులు, ఆ సవరను వెనుకనున్న రాతిబరువును, ఊపిరిబరువును ఒక్కసారి యెంచి చూడవలెను. బంగారము ఆపదకు పనికివచ్చునందురు. ఎనిమిదివందల టన్నుల బంగారమును పుట్టించిన యూరికి ఆపద వచ్చినప్పుడు చేయూతనిచ్చినది బంగారము గాదు, పిల్లల చదువు. ఆ యూరి స్త్రీలు, తమ చేతులకు గాజుగాజులే వేసికొని, కుమార్తెలను తెల్లవాఱుజాము రైలెక్కించుచున్నారు. మన యింటి యాడపిల్లకు పెండ్లినాటి పెట్టెలో నేమి పెట్టవలెనో వారు మనకంటె ముందు తెలిసికొనిరి.